ఎంఏ ఇంగ్లిష్‌లో చేరబోతున్నారా? ప్రవేశ పరీక్ష నుంచి డిసర్టేషన్ దాకా

ఎంఏ ఇంగ్లిష్ చదివితే ఇంగ్లిష్ గడగడా మాట్లాడవచ్చని చేరేవారు ఏటా ఎందరో కనిపిస్తారు. వారికి మొదటే చెప్పాలి: మాట్లాడటమే కావాలంటే ఇంతకంటే చవకగా, త్వరగా తేలే దారులు చాలా ఉన్నాయి. రెండేళ్ల ఈ కోర్సులో మీరు చేయాల్సిన పని చదవడం, చదివినదాని గురించి వాదించడం, ఆ వాదనను రాతలో పెట్టడం. భాష మెరుగుపడుతుంది, నిజమే; కానీ అది పుస్తకాలతో కుస్తీ పట్టగా వచ్చే ఫలం. తరగతిలో కూర్చుంటేనో, బజారు గైడ్లు బట్టీపడితేనో రాదు.

ఈ వ్యాసం ముఖ్యంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదవాలనుకునేవారి కోసం. తెలుగు మాధ్యమం నుంచి వస్తున్నవారు ఉన్నారనే లెక్కతోనే రాస్తున్నాను.

ఒకటి: ఏం చదవబోతున్నారో చేరకముందే తెలుసుకోండి

ఏ విశ్వవిద్యాలయమైనా సరే, దాని వెబ్‌సైటులోంచి ఎంఏ ఇంగ్లిష్ సిలబస్ దింపుకుని ముందు ఒకసారి పూర్తిగా చూడండి. నాలుగు సెమిస్టర్లలో సాధారణంగా బ్రిటిష్ సాహిత్యం, అమెరికన్ సాహిత్యం, భారతీయ ఆంగ్ల సాహిత్యం, విమర్శ, సాహిత్య సిద్ధాంతం, భాషాశాస్త్రం, ఇంగ్లిష్ బోధన పద్ధతులు ఉంటాయి. చివరి రెండు సెమిస్టర్లలో వలసానంతర సాహిత్యం, స్త్రీల రచనలు, దళిత సాహిత్యం, అనువాదం వంటివి ఐచ్ఛికాలుగా వస్తాయి. ఆ జాబితాలో కనీసం ఐదారు పేర్లయినా మీలో కుతూహలం రేపాలి. ఒక్కటీ రేపకపోతే మరోసారి ఆలోచించుకోవడమే మేలు.

ఈ చదువుకు మనతో ఉన్న సంబంధం కూడా తెలిసి ఉండాలి. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యానికి ప్రత్యేక పాఠ్యక్రమం 1894లో గానీ రాలేదు. కేంబ్రిడ్జ్‌లో 1917 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకు ఎంతో ముందే, 1835లో మెకాలే నివేదిక వెలువడిన నాటి నుంచే, ఇక్కడి కళాశాలల్లో కుర్రాళ్లు షేక్‌స్పియర్‌ను, మిల్టన్‌ను పరీక్షల కోసం చదివారు. ఇంగ్లిష్ సాహిత్యాన్ని పాఠ్యాంశంగా మలచిన ప్రయోగశాలల్లో వలస భారతదేశం ఒకటి. గౌరీ విశ్వనాథన్ 1989లో ఈ చరిత్ర మీద రాసిన పుస్తకాన్ని మీకు రెండో సంవత్సరంలో ఎవరో ఒకరు చదవమంటారు. మొదటి నెలలోనే చదివితే, ఇదంతా ఎవరి సాహిత్యం, మనకెందుకు అన్న ప్రశ్నను చేతిలో పెట్టుకుని మిగతా సిలబస్‌లోకి దిగవచ్చు.

రెండు: ఎక్కడ, ఏ పరీక్షతో

తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, శాతవాహన, మహాత్మాగాంధీ, తెలంగాణ విశ్వవిద్యాలయాలన్నింటికీ కలిపి సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. దాన్ని ఉస్మానియా నిర్వహిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, నాగార్జున, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన వంటి వాటికి ఏపీ పీజీసెట్. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సీటు కావాలంటే జాతీయ స్థాయి సీయూఈటీ-పీజీ రాయాలి. అందులో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు 1 మార్కు కోత. కాబట్టి ఊహించి గుర్తులు పెట్టే అలవాటు ఉన్నవారు జాగ్రత్త.

తార్నాక దగ్గరి ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) సంగతి వేరు. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఈ సంస్థలో సాహిత్యంతోపాటు భాషాశాస్త్రానికి, ఇంగ్లిష్ బోధనకు ప్రత్యేక కోర్సులున్నాయి. అధ్యాపక వృత్తి మీదే మనసుంటే ఇక్కడి బోధన కోర్సులు తప్పక చూడండి. ప్రవేశ పద్ధతి ఏటా నోటిఫికేషన్‌లో చూసుకోవాల్సిందే. సీనియర్లు చెప్పిన పాత నిబంధనలను నమ్ముకోవద్దు.

ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నో ఎంఏ ఇంగ్లిష్, లేదా డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇగ్నో పాఠాలు మరీ పొడిగా ఉంటాయనే పేరుంది గానీ, ఈ-జ్ఞానకోశ్ అనే వెబ్‌సైటులో వాటిని ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. రెగ్యులర్ విద్యార్థులకు కూడా బజారు గైడ్ల కంటే అవి వంద రెట్లు నయం.

ఎంపిక విషయంలో నాదొక మాట. ర్యాంకుల పట్టికల కంటే రెండు సంగతులు ముందు చూడండి: గ్రంథాలయం ఎలా ఉంది, తరగతిలో చర్చ జరుగుతుందా లేక నోట్సు చెప్పి రాయిస్తారా. రెండోది అక్కడ చదువుతున్న ఇద్దరు విద్యార్థులను అడిగితే తేలిపోతుంది. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో అమెరికన్ అధ్యయనాల కేంద్రంగా మొదలైన గ్రంథాలయం ఉంది. అమెరికన్ సాహిత్యం మీద దానికున్న సంపద ఎందరో పరిశోధకులను హైదరాబాద్‌కు రప్పించింది. హైదరాబాద్‌లో ఏ కోర్సులో ఉన్నా సరే, అక్కడ సభ్యత్వం ఎలాగో కనుక్కోండి.

ప్రవేశ పరీక్షకు తయారీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. సాహిత్య చరిత్ర కాలక్రమం, అలంకారాలు, ఛందోరూపాలు, ప్రసిద్ధ రచనలు, పాత్రలు, ప్రాథమిక వ్యాకరణం. పాత ప్రశ్నపత్రాలు ఓ పది తిరగేస్తే నాడి దొరుకుతుంది.

మూడు: తరగతులు మొదలయ్యేలోపు బైబిలు, గ్రీకు కథలు

ప్రవేశ పరీక్షకూ తరగతులకూ మధ్య వచ్చే ఖాళీని చాలామంది నిద్రకు అంకితం చేస్తారు. ఆ రోజుల్లో చేయదగ్గ పని ఒకటుంది. రామాయణ భారతాలు తెలియనివారికి తెలుగు పద్యం ఎంత అర్థమవుతుందో, బైబిలూ గ్రీకు రోమన్ పురాణాలూ తెలియనివారికి ఇంగ్లిష్ కవిత్వం అంతే అర్థమవుతుంది. మిల్టన్ తన 'ప్యారడైజ్ లాస్ట్' మొదటి పాదంలోనే ఆదాము హవ్వల అవిధేయత దగ్గర మొదలుపెడతాడు. ఆ కథ తెలియకపోతే ఎన్ని పాదపీఠికలు చదివినా రుచి పట్టదు.

అందుకే ఆదికాండం, నిర్గమకాండం, యోబు గ్రంథం, కొన్ని కీర్తనలు, మత్తయి లేదా లూకా సువార్త, చివర్లో ప్రకటన గ్రంథం చదవండి. ముందు తెలుగు బైబిలులో చదివినా ఫరవాలేదు. తర్వాత అవే భాగాలను 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో గట్టిగా చదవండి. పదిహేడో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా ఇంగ్లిష్ వచనానికి ఆ నడక ఎలా అబ్బిందో చెవికే తెలిసిపోతుంది. గ్రీకు కథల్లో ప్రొమీథియస్, ఒడిస్సియస్, ఈడిపస్, ఆర్ఫియస్, ట్రాయ్ యుద్ధం తెలిస్తే మొదటి సంవత్సరానికి చాలు.

ఈ ఖాళీలోనే ఒక మంచి సాహిత్య పదకోశం కొనుక్కోండి. ఏబ్రమ్స్ కూర్చినది మన విభాగాల్లో అందరూ వాడేదే. దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవకండి. అది అవసరమైనప్పుడు తెరవడానికి.

నాలుగు: పద్యాన్ని చదవడం

ఈ చదువంతటికీ ఆయువుపట్టు ఇదే కాబట్టి కాస్త ఆగుదాం.

1920లలో కేంబ్రిడ్జ్‌లో ఐ.ఎ. రిచర్డ్స్ విద్యార్థులకు కవి పేరు, కాలం చెప్పకుండా పద్యాలిచ్చి వ్యాఖ్యానాలు రాయమన్నాడు. మంచి చదువరులనుకున్నవారు కూడా దారుణంగా తప్పటడుగులు వేశారు. ముందే మనసులో ఉన్న అభిప్రాయాలను పద్యం మీద రుద్దారు, పైపై అర్థాన్నే పట్టుకోలేకపోయారు. ఆ ఫలితాలతో అతను 1929లో వేసిన పుస్తకం నుంచే మనం నేడు చేసే నిశిత పఠనానికి ఊపు వచ్చింది. మీరూ అదే పద్ధతి పాటించండి. కవి జీవితం, సారాంశం, విమర్శకుల మాటలు అన్నీ పక్కన పెట్టి ముందు పద్యాన్నే మూడుసార్లు చదవండి.

రాబర్ట్ బ్రౌనింగ్ 1842లో ప్రచురించిన 'మై లాస్ట్ డచెస్' దాదాపు ప్రతి సిలబస్‌లోనూ ఉంటుంది. దాన్నే తీసుకుందాం. 56 పాదాలే.

మొదటిసారి చదువుతున్నప్పుడు ఒక్కటే ప్రశ్న: ఎవరు, ఎవరితో, ఎక్కడ, ఎందుకు మాట్లాడుతున్నారు? ఫెరారా డ్యూక్ తన గోడ మీది చిత్రపటాన్ని ఒక అతిథికి చూపిస్తున్నాడు. పటంలో ఉన్నది చనిపోయిన భార్య. ఆ అతిథి ఎవరో పద్యం చివరికి వచ్చేదాకా తెలియదు: మరో ప్రభువు కూతురితో డ్యూక్ పెళ్లి మాట్లాడటానికి వచ్చిన దూత. ఇది తెలియగానే మళ్లీ మొదటి పాదానికి వెళ్లాలనిపించాలి. రెండో పెళ్లి సంబంధం మాట్లాడుతున్న మనిషి మొదటి భార్య బొమ్మ ఎందుకు చూపిస్తున్నాడు?

రెండోసారి వస్తువులు లెక్కపెట్టండి. డచెస్‌ను సంతోషపెట్టినవి ఏమిటి? సూర్యాస్తమయం, ఎవరో తెచ్చి ఇచ్చిన చెర్రీ కొమ్మ, ఆమె ఎక్కి తిరిగే తెల్ల కంచరగాడిద. డ్యూక్ ఇచ్చినది ఏమిటి? తొమ్మిది వందల ఏళ్ల వంశనామం. ఆమె వీటన్నింటినీ ఒకే చిరునవ్వుతో స్వీకరించింది. అదే ఆమె నేరం. ఇక పటం ముందున్న తెరను చూడండి. దాన్ని తీసే హక్కు తనకు తప్ప ఎవరికీ లేదని డ్యూక్ చెబుతాడు. బతికుండగా ఆమె నవ్వు ఎవరికి దక్కాలో నిర్ణయించలేకపోయిన మనిషి, ఇప్పుడు తెర లాగి నిర్ణయిస్తున్నాడు. చివర్లో అతను చూపించే కంచు బొమ్మ సముద్రపు గుర్రాన్ని లొంగదీస్తున్న నెప్ట్యూన్‌ది. దాన్ని ఊరికే అలంకారంగా పెట్టాడని ఇప్పుడు మీరెవరూ అనలేరు.

మూడోసారి చెవితో చదవండి. ఈ పద్యం రెండేసి పాదాలకు అంత్యప్రాస ఉన్న ద్విపదల్లో ఉంది. అయినా గట్టిగా చదివితే ప్రాస సరిగా వినపడదు. ఎందుకంటే వాక్యాలు పాదం చివర ఆగవు, మరో పాదంలోకి దూకి మధ్యలో ఎక్కడో ఆగుతాయి. బిగువైన చట్రం లోపల ఉంది, పైకి మాత్రం మామూలు సంభాషణ. డ్యూక్ మర్యాద కూడా అలాంటిదే. ఆమె చావు గురించి అతను చెప్పేది ఒక చిన్న వాక్యం: తాను ఆజ్ఞలిచ్చానని, ఆపై నవ్వులన్నీ ఆగిపోయాయని. హత్య అన్న మాట పద్యంలో ఎక్కడా లేదు.

గైడులో దీని గురించి ఉండేది రెండు ముక్కలు: డ్యూక్ అసూయపరుడు, ఇది నాటకీయ స్వగతం. రెండూ నిజమే. కానీ తెరనూ చెర్రీ కొమ్మనూ కంచు బొమ్మనూ మీరు స్వయంగా పట్టుకోకపోతే ఆ రెండు ముక్కలు పరీక్షలో పావు పేజీ కూడా నింపవు.

ఛందస్సు దగ్గర తెలుగువాళ్లకు ఒక సౌకర్యం, ఒక ఉచ్చు ఉన్నాయి. బడిలో గురులఘువులు గుర్తించి గణాలు కట్టినవాళ్లం కాబట్టి పాదాన్ని ముక్కలు చేయడం మనకు కొత్త కాదు. అయాంబ్ అనగానే లఘువు, గురువు కలిసిన 'వ' గణం గుర్తొస్తుంది. ఉచ్చు అక్కడే ఉంది. మన గురులఘువులు పలకడానికి పట్టే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఇంగ్లిష్‌లో లెక్క ఊనికది. 'రికార్డ్' అన్న మాట నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద పడుతుంది. దీర్ఘం ఉంది కదా అని గురువు వేస్తే షేక్‌స్పియర్ పాదం ఒక్కటీ కుదరదు. నిఘంటువులో ఊనిక పడే అక్షరానికి ముందు కనిపించే గుర్తును చూడటం అలవాటు చేసుకోండి. పద్యానికీ పనికొస్తుంది, ఉచ్చారణకూ పనికొస్తుంది.

ఐదు: నాటకం, నవల

షేక్‌స్పియర్ అంటే భయపడేవారికి: ఆధునిక ఇంగ్లిష్‌లోకి మార్చిన పాఠాలు చదవడం తప్పేమీ కాదు, వాటితోనే ఆగిపోతేనే తప్పు. ఒక దృశ్యాన్ని సులభ పాఠంలో చదవండి, వెంటనే మూలంలో గట్టిగా చదవండి, తర్వాత అదే దృశ్యం రంగస్థల ప్రదర్శన వీడియో ఒకటి చూడండి. వీలైతే వేరు వేరు నటులు చేసిన రెండు ప్రదర్శనలు చూసి తేడాలు రాసుకోండి. ఒక నటుడు నవ్వుతూ పలికిన మాటను మరొకడు పళ్లు కొరుకుతూ పలికితే, ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏ ప్రతి చదువుతున్నారన్నదీ ముఖ్యమే. 'హామ్లెట్' 1603లో ఒక రూపంలో, 1604-05లో దాదాపు రెట్టింపు నిడివితో మరో రూపంలో, 1623 నాటి ఫోలియో అనే నాటకాల సంపుటంలో ఇంకో రూపంలో అచ్చయింది. మొదటి దాంట్లో 'టు బీ ఆర్ నాట్ టు బీ' అనే ఆ ప్రసిద్ధ స్వగతమే వేరే మాటల్లో ఉంటుంది. మనం తరగతిలో చదివేది సంపాదకులు కూర్చిన పాఠం. అందుకే ఆర్డెన్ సిరీస్ వంటి, మంచి సంపాదకులు కూర్చిన ప్రతి గ్రంథాలయంలో తీసుకోండి. మందపాటి పాదపీఠికలు చూసి బెదిరిపోవద్దు, రెండో పఠనంలోనే వాటి జోలికి వెళ్లండి.

నవలల దగ్గర సమస్య నిడివి. 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' పరీక్షకు వారం ముందు మొదలుపెడితే అయ్యే పని కాదు. కానీ డికెన్స్ దాన్ని ఒక వారపత్రికలో 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా 36 భాగాలుగా రాశాడు. వారపత్రికల్లో సీరియళ్లు చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ లయ కొత్త కాదు. సశేషం అన్న చోట రచయిత మనల్ని ఎలా వేలాడదీస్తాడో మనకు బాగా తెలుసు. అధ్యాయం ఎక్కడ ముగిసిందో, ఎందుకు అక్కడే ముగిసిందో చూస్తూ రోజుకు రెండు అధ్యాయాలు చదివితే నెల రోజుల్లో 59 అధ్యాయాలూ పూర్తవుతాయి. అధ్యాయానికి రెండు మూడు వాక్యాలు మాత్రమే రాసుకోండి: ఏం జరిగింది, ఏది వింతగా తోచింది, ఏ పేజీ. పేజీ సంఖ్య వేయడం మరిచిపోతే ఆ నోట్సు సగం వృథా.

తెలియని మాట కనిపించిన ప్రతిసారీ నిఘంటువు తీయకండి. పేజీకి మూడు నాలుగు మాటలకే పరిమితం కండి. మిగతావి సందర్భాన్ని బట్టి ఊహించండి. తెలుగు మాధ్యమం వాళ్లు మొదటి సెమిస్టర్‌లో కుంగిపోయేది సాధారణంగా ఇక్కడే: ప్రతి మాటకూ అర్థం రాసుకుంటూ గంటకు రెండు పేజీలు నడుస్తారు. మొదటి వంద పేజీలు అలా కష్టంగానే ఉంటాయి, తర్వాత ఆ రచయిత మాటల మూట మీకు పరిచయమైపోతుంది.

పాత రచనల్లో చాలావరకు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వెబ్‌సైటులో ఉచితం. లిబ్రివాక్స్‌లో వాటి ఆడియోలు దొరుకుతాయి. బస్సు ప్రయాణం ఎక్కువగా ఉన్నవారికి పుస్తకం ముందు పెట్టుకుని వింటే రెండు పనులూ అవుతాయి.

ఆరు: సిద్ధాంతం అనే గండం

రెండో సంవత్సరంలో చాలామంది జారిపడే చోటు. సొస్యూర్, బార్త్, డెరిడా, ఫూకో, సయీద్, స్పివాక్ అని పేర్ల వరస చూడగానే గైడు కొనేస్తారు. ఆపై సంరచనావాదం (స్ట్రక్చరలిజం) అంటే ఏమిటి అనే ప్రశ్నకు నిర్వచనం రాయగలరు గానీ, దాన్ని దేని మీదా ప్రయోగించలేరు.

దీనికి ఒక వరస ఉంది. ముందు పీటర్ బారీ పరిచయ గ్రంథంలో సంబంధిత అధ్యాయం. వెంటనే ఆ ధోరణికి చెందిన ఒక్క మూల వ్యాసం, అదీ చిన్నది. రచయిత మరణం గురించి బార్త్ 1967లో రాసిన వ్యాసం కొద్ది పేజీలే ఉంటుంది; మొదలుపెట్టడానికి అంతకంటే మంచిది లేదు. చదివాక మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఇతను ఎవరితో తగాదా పడుతున్నాడు? అందరూ ఒప్పుకున్న ఏ సంగతిని కాదంటున్నాడు? ఇతను చెప్పింది నిజమైతే నేను నవల చదివే తీరు ఎక్కడ మారుతుంది?

ఆ తర్వాత ఆ ఆలోచనను మీకు బాగా తెలిసిన రచన మీద ప్రయోగించి చూడండి. తెలుగు రచనైతే మరీ మంచిది. స్త్రీవాద విమర్శ చదివాక మధురవాణి దగ్గరికి వెళ్లండి: ఆ నాటకంలో అందరికంటే తెలివైన మాటలు ఆమెవి, అయినా ఆమెకు దక్కిన స్థానం ఏమిటి? 'కన్యాశుల్కం' 1897, 1909 ప్రచురణలకు గురజాడ ముందుమాటలు ఇంగ్లిష్‌లోనే రాశారు. వాటిని చదివితే, వలస కాలపు తెలుగు రచయిత ఏ పాఠకుణ్ని దృష్టిలో పెట్టుకుని ఏ భాషలో వాదించాడన్న ప్రశ్న ఒక సెమినార్ పత్రానికి సరిపడా వస్తుంది. తెలుగు చదవగలగడం ఈ కోర్సులో మీకున్న పెట్టుబడి. దాన్ని ఇంటి దగ్గర వదిలేసి రమ్మని ఎవరైనా చెబితే వినకండి.

ఏడు: రాయడం

పరీక్షలో 'మై లాస్ట్ డచెస్' డ్యూక్ స్వభావాన్ని చర్చించమన్నారనుకుందాం. ఎక్కువ జవాబు పత్రాలు ఇలా మొదలవుతాయి: బ్రౌనింగ్ 1812లో లండన్ దగ్గర కాంబర్‌వెల్‌లో పుట్టాడు, విక్టోరియా యుగపు గొప్ప కవి, భార్య ఎలిజబెత్ కూడా కవయిత్రి... పేజీన్నర గడిచినా డ్యూక్ రంగప్రవేశం చేయడు. దిద్దేవారి చేతిలో ఇలాంటి కట్ట ఉంటుంది, అన్నీ ఒకే గైడు నుంచి వచ్చినవే.

దాని బదులు మొదటి వాక్యంలోనే ఒక వాదన పెట్టండి. ఉదాహరణకు: డ్యూక్ తన అధికారాన్ని చాటుకోవడానికి మాట్లాడతాడు, కానీ మాట్లాడేకొద్దీ ఆ అధికారం ఒక చిరునవ్వు ముందు ఎలా ఓడిపోయిందో తానే బయటపెట్టుకుంటాడు. ఇది ఎవరైనా కాదనగలిగిన మాట. అందుకే దీన్ని వాదన అంటాం. ఆ తర్వాత ఒక్కో పేరాలో ఒక్కో ఆధారం: తెర, చెర్రీ కొమ్మ, వాక్యాల ఆగుదల, కంచు బొమ్మ. ప్రతి పేరాలోనూ ఒక చిన్న ఉటంకింపు, దాని వెనకే ఆ మాటలు ఏం చేస్తున్నాయో మీ వ్యాఖ్య. ఉటంకింపు పెట్టి వదిలేయడం అందరూ చేసే లోపం. చివరి పేరాలో మీ వాదనకు ఎదురు నిలిచే ఒక అభిప్రాయాన్ని తీసుకుని జవాబు చెప్పండి.

వాక్యాలు పొట్టిగా ఉండనివ్వండి. తెలుగులో ఆలోచించి ఇంగ్లిష్‌లోకి మార్చి రాస్తే క్రియ కోసం వాక్యం చివరి దాకా వెతుక్కోవాల్సి వస్తుంది. మొదట కర్త, వెంటనే క్రియ వచ్చేలా రాసే అభ్యాసం రోజుకు అరగంట చేస్తే రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. రాసినదాన్ని మరుసటి రోజు గట్టిగా చదవండి. నాలుక తడబడిన చోట వాక్యం తిరగరాయండి.

పత్రాలకు ఎంఎల్‌ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతిలో ఆధారాలివ్వడం మొదటి సెమిస్టర్‌లోనే నేర్చుకోండి. ప్రస్తుతం వాడుకలో ఉన్నది 2021లో వచ్చిన తొమ్మిదో కూర్పు. కృత్రిమ మేధ సాధనాలతో వ్యాసాలు రాయించుకునేవారికి ఒక హెచ్చరిక: అవి పద్యంలో లేని పాదాలను, ఎవరూ రాయని విమర్శలను పేజీ సంఖ్యలతో సహా సృష్టించి ఇస్తాయి. మూలం చదివిన అధ్యాపకుడికి ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ఎనిమిది: నెట్, ఉద్యోగాలు

అధ్యాపక ఉద్యోగానికైనా, పరిశోధక వృత్తికైనా యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష దారి. మొదటి పేపరు 50 ప్రశ్నలు, 100 మార్కులు. ఇంగ్లిష్ పేపరు 100 ప్రశ్నలు, 200 మార్కులు. రెండూ కలిపి 3 గంటలు. తప్పు జవాబులకు కోత లేదు కాబట్టి ఏదీ వదలకండి. జనరల్ అభ్యర్థులకు పీజీలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం ఉండాలి. సిలబస్‌లోని పది యూనిట్లలో నాటకం, కవిత్వం, కథా సాహిత్యం, కథేతర వచనం మొదటి నాలుగు. భారతదేశంలో ఇంగ్లిష్ చరిత్రకు ఒక యూనిట్ పూర్తిగా కేటాయించారు. దాన్ని మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, మార్కులు మాత్రం అక్కడే సులువుగా వస్తాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ 2023 నుంచి అమల్లో ఉంది. రాష్ట్ర స్థాయిలో ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు నిర్వహించే సెట్ పరీక్షలు కూడా రాయండి.

బడిలో చెప్పాలనుకుంటే ఇంగ్లిష్ మెథడాలజీతో బీఎడ్ చేయాలి. జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్లు ఎప్పుడు వస్తాయో ఎవరూ చెప్పలేరు. ఆ నిరీక్షణలో అనువాదం, సంపాదకత్వం, పాఠ్యపుస్తకాల తయారీ పనులు చేసుకుంటూ ఉండవచ్చు. రెండు భాషల్లోనూ శుభ్రంగా రాయగలిగినవారు తక్కువ కాబట్టి అక్కడ పోటీ అనుకున్నంత ఉండదు.

తొమ్మిది: డిసర్టేషన్ అంశం

చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్, అంటే పరిశోధన ప్రాజెక్టు, ఉంటే, అంశాన్ని మూడో సెమిస్టర్ సెలవుల్లోనే తేల్చుకోండి. టోనీ మారిసన్ నవలల్లో స్త్రీలు అన్నది అంశం కాదు, అది గ్రంథాలయంలో ఒక అర. ఒక్క నవల తీసుకుని, అందులో ఒక్క విషయం పట్టుకోండి: ఒక పాత్ర ఎప్పుడు మౌనంగా ఉంటుంది, ఇంటిని ఎలా వర్ణించారు, కథ చెప్పేవారు ఏ సంగతి దాస్తున్నారు. అంశాన్ని ఒక ప్రశ్నగా రాయగలిగితేనే పర్యవేక్షకుల దగ్గరికి వెళ్లండి.

తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఒక కథ, దాని మూలం పక్కపక్కన పెట్టుకుని పనిచేయడం మరో మంచి దారి. అనువాదకులు ఏ మాండలికాన్ని చదును చేశారు, ఏ బంధుత్వపు పిలుపును వదిలేశారు, ఎక్కడ వివరణ చొప్పించారు అన్నవి పట్టిక వేసుకుంటే మొదటి అధ్యాయానికి సామగ్రి సిద్ధమవుతుంది. ఆ కథ ఎంపికలో ఒక్క జాగ్రత్త: ఇప్పటికే పది డిసర్టేషన్లు వచ్చిన రచయితను వదిలి, మీ జిల్లా కథకుల్లో ఎవరిదైనా ఇంగ్లిష్‌లోకి వచ్చిందేమో సాహిత్య అకాడెమీ ప్రచురణల జాబితాలో వెతకండి. దొరికితే ఒక పేజీ ప్రతిపాదన రాసి, మూలం, అనువాదం రెండింటి జిరాక్సులు జతచేసి, సెలవులు ముగిసేలోపే మీ పర్యవేక్షకులకు ఇవ్వండి.